స్మగ్ అంటే ఆత్మతృప్తి కాదు బాబూ!

ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లల ఎస్‌వోపీలు, అంటే ఎందుకు చదవాలనుకుంటున్నారో యూనివర్సిటీకి రాసుకునే వ్యాసాలు, దిద్దడం నా పని. తీరిక దొరికితే అనువాదాలు చేస్తాను. ఏటా సీజన్‌లో ఒక వాక్యం తప్పకుండా తగులుతుంది: "నా ప్రాజెక్టు విషయంలో నేను సెల్ఫ్ శాటిస్‌ఫైడ్." ఈసారి ఒకమ్మాయి ఇంకో మెట్టెక్కి అక్కడ 'స్మగ్' (smug) అనే ఇంగ్లీషు మాట పెట్టింది. డిక్షనరీలో అదే అర్థం ఉందట. కాస్త బరువైన మాట కదా అని వాడిందట.

అపోహ: స్మగ్ అంటే ఆత్మతృప్తి, మంచి మాటే.

కాదు. అది తిట్టు. 'నా అంతటివాడు లేడు' అని లోలోపల మురిసిపోతూ, ఆ మురిపెం ఎదుటివాళ్లకి కనబడేలా మూతి బిగించి నవ్వేవాణ్ని స్మగ్ అంటారు. సెల్ఫ్ శాటిస్‌ఫైడ్ అన్నా దాదాపు అంతే. అడ్మిషన్ కమిటీలో ఆ వాక్యం చదివినవాళ్లు 'ఈ అమ్మాయికి ఇక నేర్చుకోవాల్సిందేమీ లేదు కాబోలు' అనుకుంటారు.

ఇందులో పిల్లల తప్పు పెద్దగా లేదు. మన దగ్గర ఆత్మతృప్తి గొప్ప మాట. గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడు ఎలా ఉంటాడని అర్జునుడు అడిగితే "ఆత్మన్యేవాత్మనా తుష్టః", అంటే తనలో తానే తృప్తి పడేవాడు, అంటాడు కృష్ణుడు. మనుస్మృతి ధర్మానికి మూలాలు చెబుతూ వేదం, స్మృతి, సాధువుల ఆచారంతో పాటు ఆత్మతుష్టినీ లెక్కలో వేసింది. "డబ్బు కోసం కాదండీ, సెల్ఫ్ శాటిస్‌ఫాక్షన్ కోసం" అని అన్నదానం చేసేవాళ్లూ అంటారు, షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లూ అంటారు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులో రాస్తే పొగడ్త కాస్తా వెటకారమై కూర్చుంటుంది.

నేనూ ఇందులో పడ్డదాన్నే. కొత్తలో ఒక కథ అనువాదంలో, అన్న మీద ఆస్తి కేసు గెలిచిన తమ్ముడు కోర్టు మెట్ల మీద 'స్మగ్'గా నవ్వుతాడు. 'ఆత్మతృప్తితో నవ్వాడు' అని రాశాను. ప్రూఫులు చూసే పెద్దాయన ఫోన్ చేసి, "ఏమ్మా, వీడు గెలిచిన ఆస్తి వదిలేసి సన్యాసం పుచ్చుకుంటున్నాడా?" అన్నారు. చివరికి 'చూశావా నా తడాఖా అన్నట్టు నవ్వాడు' అని మార్చాను.

అపోహ: పోనీ, గర్వం అనొచ్చు.

అన్నిచోట్లా కుదరదు. "మా అమ్మాయిని చూస్తే గర్వంగా ఉంది" అంటాం. అక్కడ స్మగ్ పెట్టలేం. పొగరూ కాదు. పొగరుబోతు నోరు పారేసుకుంటాడు, వీడికి నోరు విప్పాల్సిన అవసరమే లేదు.

అపోహ: స్మగ్లింగ్‌కి సంబంధించిన మాట.

కూతురి స్కూల్ రిపోర్టులో ఈ మాట చూసి, వాట్సాప్‌లో ఎవరో చెప్పింది నమ్మి, అమెరికా నుంచి అర్ధరాత్రి ఫోన్ చేశాడొక తండ్రి. పాపం, గొంతు వణుకుతోంది. స్మగ్లింగ్ 17వ శతాబ్దంలో డచ్చి, జర్మన్ తీరాల వైపు నుంచి వచ్చిన మాటండీ, అర్థంలో దీనికీ దానికీ పొత్తే లేదు, పడుకోండి అని చెప్పాను.

అపోహ: అసలు అర్థం 'నీటుగా' కదా, వాడితే తప్పేంటి?

మొదట్లో ఆ అర్థమే, నిజమే. 16వ శతాబ్దంలో స్మగ్ అంటే శుభ్రంగా, నీటుగా ముస్తాబైనవాడు. లో జర్మన్ 'స్ముక్' నుంచి వచ్చి ఉంటుందంటారు. డేనిష్‌లో ఇప్పటికీ స్ముక్ అంటే అందమైన అని, జర్మన్‌లో ష్ముక్ అంటే నగలు. షేక్‌స్పియర్ నాటకం 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో బజారుకి ఠీవిగా ముస్తాబై వచ్చే వర్తకుడు ఆంటోనియోని వడ్డీవ్యాపారి షైలాక్ ఈ మాటతోనే దెప్పుతాడు. తర్వాత అర్థం మెల్లగా అద్దంలో చూసుకుని మురిసేవాడి వైపు జరిగింది. మన సోకు చూడండి. అరబ్బీలో మక్కువ అనే అర్థమున్న మాట ఉర్దూ మీదుగా తెలుగులోకొచ్చి సోకులు చేసుకోవడమైంది. అసలు అర్థం అదని ఇప్పుడెవరైనా 'నాకు చదువంటే సోకు' అని రాస్తారా?

ఆ అమ్మాయి అప్పటికే రెండు యూనివర్సిటీలకి పంపేసి టెన్షన్‌తో ఏడ్చింది. ఒక్క మాటకే అడ్మిట్ ఆపేయరమ్మా అన్నాను. మిగతా నాలుగింటికీ 'ఆ ప్రాజెక్టు చేయడం శాటిస్‌ఫైయింగ్‌గా అనిపించింది' అని ఇంగ్లీషులో మార్చి పంపించాం.