హలపీనో కారం ఎక్కడ ఉంటుంది: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఆస్టిన్‌లో మన ఇంటి పెరట్లో, చీజ్ కూరి, బేకన్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసపు పట్టీ చుట్టి పొగ మీద వండిన హలపీనోలలో (మెక్సికో రకం మిరపకాయలలో) ఒకటి కమ్మగా ఉంటే, దాని పక్కదే చిన్నవాడికి కళ్లనీళ్లు తెప్పించింది. "గింజలన్నీ తీసేశాను కదా తాతయ్యా, ఇంత కారం ఎక్కడిది?" అని పెద్దమ్మాయి అడిగితే ఆ హడావిడిలో సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ ఆదివారం మళ్లీ చేస్తామంటున్నారు కాబట్టి ముందుగానే రాస్తున్నాను.

మిరపకాయలో కారం గింజల్లో పుట్టదు. కాయను నిలువుగా చీల్చి చూస్తే, తొడిమ కింద చిన్న ముద్దలా మొదలై లోపలి గోడల వెంట దిగే తెల్లటి ఈనెలు కనిపిస్తాయి. కాప్సైసిన్ అనే కారపు పదార్థం తయారయ్యేది వాటిలోనే. గింజలు వాటిని అంటిపెట్టుకొని ఉంటాయి గనుక వాటికీ కాస్త అంటుతుంది. మనం బజ్జీలకు వాడే లావు మిరపకాయకు స్వతహాగా కారం తక్కువ కనుక, గింజలు దులిపి వాము, చింతపండు ముద్ద పెడితే సరిపోతుంది. హలపీనోకు అది చాలదు. చిన్న చెంచా అంచుతో తొడిమ వైపు నుంచి కొన దాకా గీకి, లోపలి గోడ పచ్చగా, నున్నగా కనిపించేవరకు ఈనెలను తీసివేయాలి. పోయినసారి మీ కాయల్లో తొడిమ కింది ముద్ద అలాగే మిగిలిపోయింది. నేను పక్కనే ఉండి కూడా చూసుకోలేదు, ఆ తప్పు నాదే.

రెండో కారణం కాయలోనే ఉంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రజ్ఞుడు, మిరప సారాన్ని తీపి నీళ్లలో ఎంత పలచన చేస్తే నాలుకకు కారం తెలియకుండా పోతుందో చూసి ఒక కొలమానం ఏర్పరచాడు. ఆ లెక్కన హలపీనో కారం సుమారు 2,500 నుంచి 8,000 స్కోవిల్ యూనిట్ల వరకు ఉంటుంది, అంటే ఒకే బుట్టలోని రెండు కాయల మధ్య మూడింతల తేడా ఉన్నా ఆశ్చర్యం లేదు. తొక్క మీద గోధుమరంగు సన్నని గీతలున్న ముదురు కాయలు సాధారణంగా ఎక్కువ కారంగా ఉంటాయి కనుక, చిన్నవాళ్ల కోసం గీతలు లేని, నున్నటి లేత కాయలు ఏరండి. గీకిన కాయ చెక్కలను (సగాలను) అరగంట, గంట సేపు చల్లని పాలలో నానబెడితే ఇంకొంత తగ్గుతుంది. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు. పాలలోని కొవ్వు, కేసీన్ అనే ప్రోటీన్ దానిని పట్టుకుంటాయి. నోరు మండినప్పుడు మంచినీళ్లు కాకుండా పాలో పెరుగో ఇమ్మనడం ఇందుకే. గీకేటప్పుడు చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి, కళ్లు ముట్టుకోవద్దు.

ఎక్కువసేపు పొగ పెడితే కారం పోతుందని మాత్రం నమ్మకండి. పండిన హలపీనోను పొగలో ఎండబెడితే వచ్చేదే చిపోట్లే, దాని కారం ఎక్కడికీ పోలేదు కదా! కారాన్ని మెత్తబరిచేది లోపలి క్రీమ్ చీజ్, కాబట్టి దానిని నిండుగా కూరండి, అందులో మళ్లీ కారప్పొడి కలపకండి. ఒక్కో చెక్కకు పలచని బేకన్ సగం ముక్క చాలు. మందపు ముక్క కరకరలాడే లోపు కాయ మెత్తగా చితికిపోతుంది. స్మోకర్ (పొగ మీద వండే పొయ్యి) వేడి 275 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలిపితే సుమారు గంటన్నర పడుతుంది. పొగకు వాడే కట్టెల్లో నాకు పెకాన్ చెట్టుది ఇష్టం, మెస్కీట్ చెట్టు కట్టె పొగ చేదెక్కుతుంది.

మీ మావయ్యకు ఈనెలు తీయని కాయలే కావాలి గనుక వాటికి రెండేసి టూత్‌పిక్‌లు గుచ్చి, పళ్లెంలో విడిగా పెట్టండి. దించిన వెంటనే ఎవరికీ అందించవద్దు. నాలుక మీద కారాన్ని పసిగట్టే గ్రాహకమే 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని కూడా పసిగడుతుంది. దానిని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. కాయ సెగలు కక్కుతుండగా కొరికితే ఆ రెండు మంటలూ కలిసి తగులుతాయి, అందుకని పది నిమిషాలు ఆగి, గోరువెచ్చగా అయ్యాకే చిన్నవాడి చేతికివ్వండి.

మీ తాతయ్య