విత్తన బంతులు విసిరే ముందు

చిరంజీవులకు అచ్చంపేట నుంచి తాత దీవెనలు.

దసరా సెలవులకు వస్తున్నారని, బడిలో చేసిన విత్తన బంతులు సంచి నిండా తెస్తున్నారని, మన్ననూరు దాటాక కారు కిటికీలోంచి నల్లమలలోకి విసురుతారట అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రండి. బంతులు మాత్రం అక్కడ విసరొద్దు. ఎందుకో రాస్తాను, ఓపిగ్గా చదవండి.

దసరా నాటికి వానలు వెనక్కి పోతాయి. అప్పుడు మొలిచింది వేరు దిగకముందే ఎండిపోతుంది. పైగా అడవి గింజలన్నీ మన ఇంట్లో కందుల్లాగా డబ్బాలో దాచుకునేవి కావు. ఇప్పగింజ రాలిన కొద్ది వారాలకే చచ్చిపోతుంది. వేపా అంతే, నేరేడూ అంతే. ఎండకాలం చివర రాలడం, తొలకరికి మొలవడం, వాటి లెక్క అది. చింతగింజ, కుంకుడుగింజ గట్టి పెంకువి, ఆగుతాయి. వాటిని నానబెట్టి వేయాలి. ఇంతకీ మీ బంతుల్లో ఏ గింజలున్నాయి? సుబాబుల్ అయితే అసలే వద్దు. అది ఒకసారి పాతుకుంటే పక్కన ఇంకోదాన్ని ఎదగనివ్వదు.

ఇంకో సంగతి. అది ఖాళీ జాగా కాదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు. లోపల పెంటల్లో, అంటే అడవిలోని చిన్న గూడేల్లో, చెంచులుంటారు. అప్పాపూర్, మేడిమల్కల్ వంటి పేర్లు మీరు వినే ఉంటారు. వాళ్లకు ఆ అడవే సంత, వంటిల్లు, మందుల దుకాణం. ఇప్పపువ్వు, మొర్రిపండ్లు, ఉసిరి, తేనె, చిల్లగింజలు, తపసి జిగురు, అన్నీ అక్కడివే. చిల్లగింజ చూశారా? కుండ లోపల అరగదీస్తే మురికినీరు తేరుకుంటుంది. తేనె కోసం కొండ అంచున తాడుపట్టి దిగేటప్పుడు పైన కాపలా ఉండేది బావమరిదేనని చెబుతారు. తన అక్క పుస్తె తెగాలని ఎవడు కోరుకుంటాడు?

తపసి గురించి కొంచెం ఎక్కువే రాయాలి. తెల్లగా మెరిసే బెరడు దానిది. గాటు పెడితే జిగురు కారుతుంది, మందుల్లోనూ తినే పదార్థాల్లోనూ వాడతారు, విదేశాలకూ పోతుంది. ధర బాగుందని ఒకప్పుడు గొడ్డలితో లోతుగా నరికారు, చెట్లు చాలా చచ్చాయి. తర్వాత గిరిజన సహకార సంస్థ, అంటే 1956లో పెట్టిన జీసీసీ, చిన్న గాట్లు పెట్టే పద్ధతి నేర్పించింది. బెరడు మీద పైపైన గాటు, గాయం మానేదాకా చెట్టుకు విశ్రాంతి. మట్టి, బెరడు కలవని తెల్ల జిగురుకు ధరా ఎక్కువే. చెట్టు బతికుంటేనే వచ్చే ఏడూ సంపాదన. అది తెలిసినవాడికి కాపలా పెట్టాల్సిన పని లేదు.

కానీ ఆ చెట్టు రేపు తనదో కాదో తెలియనివాడు ఏం చేస్తాడు? ఇవాళే గీకుతాడు. నా ఉత్తరమంతా ఈ ఒక్క ముక్క కోసమే.

మన దగ్గర 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. ఊరివాళ్లూ అటవీశాఖా కలిసి అడవిని కాయాలన్నది ఆలోచన. ప్రాజెక్టు డబ్బులున్నన్నాళ్లు నడిచి, తర్వాత చాలాచోట్ల పేరుకే మిగిలాయి. అసలు మాట శాఖదే, కూలి మాత్రం ఊరిది. నేనైతే దాన్ని భాగస్వామ్యం అనను. 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. తరతరాలుగా వాడుకుంటున్న అడవిని కాపాడి, మళ్లీ పెంచి, నడిపించుకునే హక్కు గ్రామసభకు ఉందని రాసింది. తేనె, తునికాకు, వెదురు వంటి చిన్న ఉత్పత్తుల మీద హక్కు కూడా. కాగితం మీద ఉన్నంత సులువుగా చేతికి రావడం లేదనుకోండి, అది వేరే గొడవ.

మరి మొక్కలు నాటాలా వద్దా? 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి నాటడమే అందరికీ పెద్ద పని అయిపోయింది. నల్లమలలాంటి అడవిలో చాలాచోట్ల నాటనక్కర్లేదు. కొట్టేసిన మొదలు కింద వేరు బతికే ఉంటుంది. మంట రాకుండా, మేకలు మేయకుండా కొన్నేళ్లు ఆపితే పిలకలు తన్నుకొస్తాయి. ఎండకాలం ముందు మంట దాటకుండా ఆకులు ఊడ్చి బాట తీయడం ఫొటోకి బాగుండదు గానీ వంద మొక్కల పెట్టు. నేల నిజంగా బోడిగా ఉన్నచోటే నాటాలి. అప్పుడూ ఏం నాటాలో ముందు పెంటలోనే అడగాలి. టేకు నాటితే కలప వస్తుంది. మొర్రి, ఇప్ప, ఉసిరి నాటితే పిల్లలకు పండూ అమ్ముకోను గింజా వస్తాయి.

బంతులు పారేయకండి. గట్టి గింజలవి ఉంటే పొడిగా దాచి, జూన్‌లో మన చెరువు కట్ట దగ్గర పంచాయతీవాళ్లను అడిగి వేద్దాం. వేపవి ఇక మొలవవు, చిదిమి మీ కుండీల్లో ఎరువుగా కలిపేయండి. దసరాకి మాత్రం సంచి ఖాళీగా తెండి, మన చెలక గట్టు మీద సీతాఫలాలు బాగా కాశాయి.

ఇట్లు,
మీ తాత