కాల్ ఫర్ సైట్స్‌లో స్థలం పెడితే ఏమవుతుంది, ఏం కాదు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో ఏ సిటీ కౌన్సిల్ అయినా కొత్త లోకల్ ప్లాన్ (తన పరిధిలో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే ప్రణాళిక) పని మొదలుపెట్టగానే ఒక ప్రకటన వేస్తుంది. మా పరిధిలో ఇళ్లకో, ఆఫీసులకో, గోడౌన్లకో పనికొచ్చే స్థలాలుంటే చెప్పండి, రాబోయే పదిహేనేళ్లకు లెక్క వేసుకుంటున్నాం అని. దీన్నే కాల్ ఫర్ సైట్స్ అంటారు. ప్రకటన వచ్చిన మర్నాటికే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, కౌన్సిల్ వాళ్లు ల్యాండ్ అడుగుతున్నారట, మన ఇంటి వెనక జాగా పెట్టేద్దామా" అని మొదలవుతుంది, సాయంత్రానికల్లా అది "పెడితే పర్మిషన్ ఫ్రీ" అయిపోతుంది.

నేను ప్లానింగ్ కన్సల్టెంట్‌ని. ఓనర్ల తరఫున ఈ ఫారాలు నింపడం నా పని, అంతకుముందు కౌన్సిల్‌లో కూర్చుని ఇలాంటి ఫారాలనే వడపోశాను. మళ్లీ మళ్లీ వినిపించే మాటలు కొన్ని ఇక్కడ పెడుతున్నాను. ఇదంతా ఇంగ్లండ్ సంగతే సుమా. వేల్స్‌లో దీని పేరు క్యాండిడేట్ సైట్స్, స్కాట్లండ్‌లో చట్టమే వేరు.

అపోహ: సైట్ పెట్టామంటే పర్మిషన్ వచ్చినట్టే

రాదు. ఇక్కడ భూమి మీదే అయినా దాని మీద కట్టే హక్కు మీ చేతిలో లేదు, 1947 టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంతో అది ప్రభుత్వం చేతికి వెళ్లిపోయింది. మీరు పెట్టిన స్థలం ముందుగా ల్యాండ్ అవైలబిలిటీ అసెస్‌మెంట్ అనే జాబితాలోకి వెళ్తుంది. ఆ జాబితాలో ఉన్నంత మాత్రాన స్థలాన్ని ఇళ్లకు కేటాయించినట్టు కాదని ప్రభుత్వ ప్లానింగ్ గైడెన్సే నేరుగా చెబుతుంది. అయినా "మా సైట్ కౌన్సిల్ లిస్టులో ఉంది" అని చెప్పి స్థలం ఎక్కువ ధరకు అమ్మజూపేవాళ్లు ఉన్నారు, కొనేవాళ్లు జాగ్రత్త. జాబితా తర్వాత డ్రాఫ్ట్ ప్లాన్, దాని మీద జనం అభిప్రాయాలు, ఆ తర్వాత తుది ముసాయిదా, చివరికి ప్రభుత్వం నియమించే ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ ముందు విచారణ, అదంతా దాటి ప్లాన్ ఆమోదం పొందితే అప్పుడు మీ స్థలం "అలొకేటెడ్", అంటే కేటాయించినది. అప్పటికీ ప్లానింగ్ అప్లికేషన్ మళ్లీ విడిగా వేయాల్సిందే. మరి ఇంత తతంగం ఎందుకంటే, 2004 ప్లానింగ్ చట్టం ప్రకారం బలమైన వేరే కారణాలు లేకపోతే అప్లికేషన్ మీద నిర్ణయం ప్లాన్ ప్రకారమే ఉండాలి. అంటే అలొకేషన్ వస్తే "ఇక్కడ ఇళ్లు కట్టొచ్చా" అన్న పెద్ద గొడవ సగానికి పైగా తీరిపోయినట్టే, మిగిలేది ఎలా కట్టాలన్నది.

ఒక్క మినహాయింపు ఉంది. 2017 నుంచి ప్రతి కౌన్సిల్ బ్రౌన్‌ఫీల్డ్ రిజిస్టర్ పెట్టాలి, అంటే ఇదివరకే ఏదో కట్టడం ఉన్న, ఇప్పుడు ఇళ్లకు పనికొచ్చే స్థలాల పట్టిక. అందులో రెండో భాగంలోకి ఎక్కిన స్థలానికి సూత్రప్రాయంగా అనుమతి దొరుకుతుంది. మొదటి భాగంలో ఉంటే దొరకదు. ఈ తేడా చూడకుండానే సంబరాలు చేసుకున్నవాళ్లున్నారు.

అపోహ: స్థలం ఎంత గొప్పదో రాస్తే కౌన్సిల్ ఒప్పుకుంటుంది

అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

కౌన్సిల్ ప్రతి స్థలాన్నీ మూడు ప్రశ్నలతో చూస్తుంది. తగినదేనా, అందుబాటులో ఉందా, నిజంగా కట్టడం సాధ్యమేనా. జనం పేజీలకు పేజీలు మొదటి ప్రశ్న మీదే రాస్తారు. స్టేషన్ పది నిమిషాల నడక, స్కూలు పక్కనే, చుట్టూ పచ్చదనం అని. అదంతా కౌన్సిల్‌కు తెలుసు. వరద మ్యాపు వాళ్ల దగ్గరుంది, పాత కట్టడాల జాబితా వాళ్లదే, బస్సు ఎక్కడ ఆగుతుందో మీకంటే వాళ్లకే బాగా తెలుసు. వాళ్లకు తెలియనిదీ, మీరు మాత్రమే చెప్పగలిగేదీ రెండో ప్రశ్నకు జవాబు. ఆ గడిలోనేమో చాలామంది "అవును" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు.

ఆ "అవును" వెనక ఏముండాలో చూడండి. ఓనర్లు ఎంతమంది, అందరూ ఒప్పుకున్నారా? తాతగారి ఆస్తి నలుగురి పేర్ల మీద ఉండి, ఒకాయన ఫోనే ఎత్తకపోతే ఆ స్థలం అందుబాటులో లేనట్టే. షెడ్డులో కిరాయిదారు ఉంటే ఆయన లీజు వ్యాపార కిరాయిదార్లకు రక్షణ ఇచ్చే 1954 చట్టం కిందికి వస్తుందా, వస్తే అంత తేలిగ్గా ఖాళీ చేయించలేరు. పొలమైతే కౌలు, కౌలుదారుకు గట్టి రక్షణ ఇచ్చే 1986 చట్టం నాటిదా, తర్వాతదా? "ఈ స్థలంలో ఒక్క ఇల్లే ఉండాలి" అని పాత దస్తావేజులో కవెనెంట్, అంటే షరతు, ఉందా? ఉంటే దాన్ని మార్చమని అప్పర్ ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు, కానీ టైము పడుతుంది, గ్యారంటీ లేదు. ఇవన్నీ దాచిపెడితే కౌన్సిల్‌కు తెలియదనుకుంటారు. నిజమే, ఆ రోజు తెలియదు. ఎప్పుడో ఇన్‌స్పెక్టర్ ముందు మీ స్థలాన్ని ఆనుకుని ఉన్నాయన లాయరుతో వచ్చి చెబుతాడు, అప్పుడు తెలుస్తుంది.

ఇందులో నేను అందరికంటే ముందు చూసేది దారి. ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్ ప్లాన్ మీద ఎర్ర గీత రోడ్డుకు తాకినట్టే కనిపిస్తుంది. కానీ ఆ గీత హద్దును ఉజ్జాయింపుగా చూపిస్తుందే తప్ప అంగుళాల లెక్కన కాదు, చట్టమే అలా చెబుతుంది. ప్రింటులో ఆ గీత మందంలోనే ఒక గడ్డి పట్టీ దాగి ఉండొచ్చు, అది ఇంకొకరిది అయి ఉండొచ్చు. దాన్నే రాన్సమ్ స్ట్రిప్ అంటారు. గజం వెడల్పు పట్టీ ఉన్న మనిషి, దాని వల్ల మీ స్థలానికి పెరిగే విలువలో మూడో వంతు అడగొచ్చు. 1961 నాటి స్టోక్స్ కేసు దగ్గర్నుంచి బేరాలకు అదే మొదటి లెక్క. దారి మీదే అనుకున్నా సరిపోదు. గంటకు 30 మైళ్ల రోడ్డు మీదికి కొత్త దారి తెరవాలంటే, రోడ్డు అంచుకు 2.4 మీటర్లు వెనక ఆగిన డ్రైవరుకు అటూ ఇటూ 43 మీటర్లు కనబడాలన్నది మామూలు కొలత. ఆ చూపుకు పక్కింటి కంచె అడ్డమైతే, దాన్ని తీసేయమని మీరు ఆర్డరు వేయలేరు. టేపు పట్టుకుని వెళ్లి కొలిచి చూడండి, బ్రోషర్లు తర్వాత వేయించుకోవచ్చు.

కౌన్సిల్‌కు ఈ నిజాలతో ఎందుకంత పని? ప్రతి కౌన్సిల్ రాబోయే 5 ఏళ్ల ఇళ్లకు సరిపడా స్థలం చూపించాలి. చూపించలేకపోతే, ప్లాన్‌లో లేని చోట్ల కూడా బిల్డర్ల అప్పీళ్లకు బలం వచ్చేస్తుంది. అలొకేషన్ ఉన్న పెద్ద స్థలాన్ని ఆ లెక్కలో కలపాలంటే, 5 ఏళ్లలో అక్కడ ఇళ్లు పూర్తవడం మొదలవుతుందని స్పష్టమైన ఆధారం కావాలి. అందుకని "ముగ్గురు ఓనర్లం, ముగ్గురం సంతకం పెట్టాం, కిరాయిదారు లీజు ఫలానా ఏడాదికి ముగుస్తుంది, అప్పటిదాకా కుదరదు" అని రాసిన చప్పటి ఉత్తరం రంగుల బ్రోషర్ కంటే బాగా పనిచేస్తుంది. ఆలస్యం ఉందని ఒప్పుకుంటే సైట్ పోతుందని భయపడతారు గానీ, పోదు. 6 నుంచి 10 ఏళ్ల గడిలోనో 11 నుంచి 15 ఏళ్ల గడిలోనో పెడతారు, అంతే.

అపోహ: వేరేవాళ్లు మన స్థలం పేరు ఇచ్చేస్తే కౌన్సిల్ లాగేసుకుంటుంది

స్థలం పేరు ఎవరైనా ఇవ్వొచ్చు, ఓనరే కానక్కర్లేదు. ఇచ్చినా ఓనరు అమ్మనంటే అది అందుబాటులో లేని స్థలమే, అక్కడితో ఆగిపోతుంది. కంపల్సరీ పర్చేజ్ (ఓనరు ఒప్పుకోకపోయినా స్థలం తీసుకోవడం) అనేది పూర్తిగా వేరే వ్యవహారం, దానికి వేరే చట్టాలు, వేరే విచారణ ఉన్నాయి. టెన్షన్ పడకండి. మీ స్థలం పేరు జాబితాలో కనబడితే, మీకు ఇష్టం లేదని కౌన్సిల్ ప్లానింగ్ పాలసీ టీమ్‌కు మెయిల్ పెట్టండి.

అపోహ: గ్రీన్ బెల్ట్‌లో ఏమీ రాదు / ఇప్పుడు గ్రే బెల్ట్ వచ్చింది కాబట్టి అన్నీ వస్తాయి

ఒకే మనిషి ఒకే ఫోన్ కాల్‌లో ఈ రెండూ అనడం విన్నాను. గ్రీన్ బెల్ట్ అంటే అందమైన పచ్చని నేల అని కాదు. ఊళ్లు ఒకదానిలోకి ఒకటి పాకకుండా ఆపడం, చారిత్రక పట్టణాల చుట్టు వాతావరణం కాపాడడం లాంటి 5 ఉద్దేశాల కోసం గీసిన హద్దు అది. ఇంగ్లండ్ నేలలో దాదాపు ఎనిమిదో వంతు దాని కిందే ఉంది, అందులో పాత గ్యారేజీలూ కార్ పార్కులూ కూడా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్ లాంటి నగరం చుట్టూ అది బిగుసుకుని ఉంది కాబట్టే అక్కడ లోపల పట్టని ఇళ్లను పక్క జిల్లాలు తమ ప్లాన్లలో మోయాల్సి వచ్చింది.

2024 డిసెంబరులో మారిన జాతీయ విధానం ఆ ఉద్దేశాల్లో ముఖ్యమైన మూడింటికి పెద్దగా తోడ్పడని నేలకు గ్రే బెల్ట్ అని పేరు పెట్టింది. ఇళ్ల అవసరం మరోలా తీరకపోతే కౌన్సిల్ మొదట ఇదివరకే కట్టడాలున్న నేల, తర్వాత గ్రే బెల్ట్, ఆ తర్వాతే మిగతాది చూడాలి. దానికి షరతులున్నాయి. పెద్ద ప్రాజెక్టు అయితే మామూలుగా అడిగే దానికంటే ఎక్కువ శాతం అఫర్డబుల్ ఇళ్లు (మార్కెట్ కంటే తక్కువ ధరకో అద్దెకో ఇచ్చేవి), జనానికి తెరిచిన పచ్చని జాగా, రోడ్లు, స్కూళ్ల లాంటి వసతులకు వాటా ఇవ్వాలి. ఆ ఖర్చంతా నేల ధరలోంచే పోతుంది.

అపోహ: ముందే చెట్లూ పొదలూ కొట్టేసి ఇస్తే సైట్ శుభ్రంగా కనిపిస్తుంది

దయచేసి ఈ పని చేయకండి. 2024 నుంచి చాలా ప్రాజెక్టులు అక్కడున్న ప్రకృతి విలువకు మించి కనీసం 10 శాతం పెంచి చూపించాలి. నేల బోడిగా ఉంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుందని తెలివిగా ఆలోచించేవాళ్లు ఉంటారని చట్టం రాసినవాళ్లకూ తెలుసు. అందుకే 2020 జనవరి 30 తర్వాత అనుమతి లేకుండా పాడుచేసినదంతా పాడుచేయక ముందున్నట్టే లెక్కేస్తారు, పాత ఏరియల్ ఫోటోలు ఉండనే ఉన్నాయి. పైగా చెట్టు మీద ప్రిజర్వేషన్ ఆర్డర్, అంటే దాన్ని కాపాడే ఉత్తర్వు, ఉంటే కొట్టడమే నేరం. గూళ్లలో గుడ్లున్నప్పుడు పొద నరికితే అది ఇంకో నేరం.

అపోహ: వరద జోన్ ముట్టుకుంటే సైట్ మొత్తం పోయినట్టే

మొత్తం జోన్ 3లో ఉంటే ఇళ్ల సంగతి దాదాపు మర్చిపోవాల్సిందే, ఏడాదిలో నది పొంగే అవకాశం 1 శాతం లేదా అంతకు మించి ఉన్న నేల అది. మూలన కొంచెం తాకితే అక్కడ పార్కో చెరువో చూపించి ఇళ్లు పైభాగంలో పెట్టొచ్చు. ఆ మూలను వదిలేసి ఎర్ర గీత గీస్తారు కొందరు, అక్కర్లేదు, నీళ్లు వదలడానికి రేపు ఆ మూలే కావాలి. నది ఒక్కటే చూసి ఊరుకోకండి, వాన నీరు నిలిచే మ్యాపు వేరే ఉంటుంది.

అపోహ: చిన్న స్థలాలు ఎవరికీ అక్కర్లేదు

సాధారణంగా 5 ఇళ్లు పట్టే స్థలం నుంచి జాబితాలోకి తీసుకుంటారు. ఆఫీసులు, గోడౌన్ల వంటి వాటికైతే 0.25 హెక్టార్లు లేదా 500 చదరపు మీటర్ల కట్టడం. కావాల్సిన ఇళ్లలో కనీసం 10 శాతానికి హెక్టారు మించని స్థలాలు చూపాలని జాతీయ విధానమే అంటుంది, నగరాల్లో అవి దొరక్క కౌన్సిళ్లు వెతుక్కుంటాయి. అయితే మీ ఇంటి వెనక ఒక్క ఇల్లు కట్టుకోవాలంటే దీని జోలికే రాకండి, నేరుగా కౌన్సిల్ దగ్గర ప్రీ-అప్లికేషన్ (అప్లికేషన్‌కు ముందు) సలహా తీసుకుని అప్లికేషన్ వేసుకోండి. పట్టణం మధ్యలో ఇంటి తోట బ్రౌన్‌ఫీల్డ్ కిందికి రాదన్నది కూడా గుర్తుంచుకోండి.

అపోహ: సైట్ పెట్టగానే రేటు పెరుగుతుంది, వచ్చిన మొదటి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేయాలి

జాబితా బయటికొచ్చాక ఫోన్లు వస్తాయి, అది ఖాయం. ఆప్షన్ అగ్రిమెంట్ అంటే కొన్నేళ్లపాటు మీ స్థలాన్ని కొనే హక్కు వాళ్లది, మీరు మాత్రం ఇంకొకరికి అమ్మలేరు. ప్రమోషన్ అగ్రిమెంట్‌లో ప్లానింగ్ ఖర్చు వాళ్లు పెట్టుకుని, అమ్మకంలో వాటా తీసుకుంటారు. రెండిట్లో ఏదైనా మీ సొంత సొలిసిటర్ చదవకుండా సంతకం వద్దు. వాళ్లు తీసుకొచ్చిన సొలిసిటర్ మీవాడు కాదు.

రేటు గురించి ఒక మాట. అమ్మే ఇళ్ల మొత్తం విలువలోంచి కట్టుబడి ఖర్చు, అఫర్డబుల్ ఇళ్ల భారం, కౌన్సిల్‌కు కట్టేవి, బిల్డర్ లాభం తీసేయగా మిగిలిందే నేలకు. ప్లాన్ స్థాయి లెక్కల్లో ఆ లాభాన్నే అమ్మకం విలువలో 15 నుంచి 20 శాతం వేసుకోమంటుంది ప్రభుత్వ గైడెన్స్. "నేను ఇంత పెట్టి కొన్నాను" అంటే, కొన్న ధర పాలసీ పాటించకపోవడానికి కారణం కాదని ఆ గైడెన్స్‌లోనే రాసి ఉంది.

అపోహ: ఇదంతా గుట్టుగా జరుగుతుంది

మీ ఫోన్ నంబరూ మెయిలూ బయటపెట్టరు, మ్యాపు మాత్రం పెడతారు. పక్కింటాయన అందులో మీ తోట చూసి మీ తలుపు తట్టడం కంటే ముందు మీరే వెళ్లి చెప్పడం మంచిది.

అపోహ: గడువు దాటితే అయిపోయింది, రిజెక్ట్ చేస్తే అప్పీలుకు వెళ్లొచ్చు

రెండూ తప్పే. కొన్ని కౌన్సిళ్లు ఏడాది పొడవునా తీసుకుంటాయి, మిగతా చోట్ల డ్రాఫ్ట్ ప్లాన్ మీద అభిప్రాయాలు అడిగినప్పుడు కూడా కొత్త స్థలం పెట్టొచ్చు, కాకపోతే ఎంత ఆలస్యమైతే అంత కష్టం. రిజెక్ట్ అయితే అప్పీలు అంటూ లేదు. తుది ముసాయిదా మీద గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టి ప్లాన్ మార్చమని కోరినవాళ్లకు మాత్రం ఇన్‌స్పెక్టర్ ముందు మాట్లాడే హక్కు ఉంటుంది. ఆ అభ్యంతరంలో మీ స్థలం ఎంత మంచిదో కాకుండా, కౌన్సిల్ లెక్క ఎక్కడ తప్పిందో రాయండి. దారి లేదని తీసేశారనుకోండి, దారి కొలతలూ, పట్టీ ఓనరు ఒప్పుకున్న ఉత్తరమూ జతచేయండి.