క్రియాటినిన్ పాఠం, రోడ్డుకు అవతలి వార్డు: ఎంబీబీఎస్ మొదటి ఏడాది వెనక కథ

ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లలు మొదట చూసేది రోగిని కాదు, బల్ల మీద పడుకోబెట్టిన శవాన్ని. శవం కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతుంటాయి. ఇద్దరు కోస్తుంటే మిగతావాళ్లు భుజాల మీంచి తొంగి చూస్తుంటారు. హాస్టల్‌కు వెళ్తే మంచం కింద సీనియర్ ఇచ్చిన బోన్ సెట్, అంటే చదువుకోవడానికి ఎముకలు. కాలేజీకి రోడ్డవతలే ఆస్పత్రి. పొద్దున్నే ఓపీ ముందు జనం బారులు తీరి ఉంటారు. కానీ ఆ వరసలోని మనిషి దగ్గర కూర్చుని 'ఎక్కడ నొప్పమ్మా' అని అడగడానికి తరతరాల విద్యార్థులు మొదటి ఎంబీబీఎస్ పరీక్ష గట్టెక్కేదాకా ఆగాల్సి వచ్చింది. అనాటమీ (శరీర నిర్మాణం), ఫిజియాలజీ (శరీరం పనిచేసే తీరు), బయోకెమిస్ట్రీ (శరీరంలోని రసాయన శాస్త్రం) ముందు. మనిషి తర్వాత. ప్రీ-క్లినికల్ అన్న మాటకు అర్థమే అది.

ఈ వరస మన దగ్గర పుట్టింది కాదు. 1835లో కలకత్తాలోనూ మద్రాసులోనూ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది కలకత్తాలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి చూపించారు. శవాన్ని తాకడమే మైల అనుకునే రోజుల్లో అది మామూలు సాహసం కాదు. 1846లో హైదరాబాదులో మొదలైన మెడికల్ స్కూలులో మాత్రం పాఠాలు ఉర్దూలో చెప్పారు. కోస్తా, రాయలసీమ పిల్లలకు 1923లో విశాఖపట్నంలో కాలేజీ వచ్చేదాకా మద్రాసే దిక్కు. ఏం చెప్పాలి, ఎంతకాలం చెప్పాలి అన్నదాని మీద లండన్ మాట చెల్లేది, ఎందుకంటే మన డిగ్రీకి అప్పట్లో అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ గుర్తింపు కావాల్సి ఉండేది. 1930లో ఆ కౌన్సిల్ గుర్తింపు నిరాకరించింది. ఆ దెబ్బతోనే 1933లో మన సొంత మెడికల్ కౌన్సిల్ కోసం చట్టం వచ్చింది. కౌన్సిల్ మనదే అయినా, చదువు చట్రం మాత్రం పాతదే.

ఆ చట్రాన్ని ప్రపంచమంతటా బిగించింది 1910 నాటి ఒక నివేదిక. అబ్రహాం ఫ్లెక్స్‌నర్ డాక్టరు కాదు, బడి నడిపిన మనిషి. అమెరికా, కెనడాల్లోని 155 వైద్య విద్యాసంస్థలు తిరిగి చూశారు. వాటిలో చాలా చోట్ల ల్యాబ్ లేదు, ఆస్పత్రి లేదు, ఫీజు కడితే పట్టా. ఆయన సూచించింది రెండేళ్లు ల్యాబ్ సైన్సులు, ఆ తర్వాత రెండేళ్లు ఆస్పత్రి. నాటువైద్యం స్థాయిలో ఉన్న చదువుకు సైన్సు పునాది వేయడమే ఆయన ఉద్దేశం. విద్యార్థి తన చేత్తో చేసి నేర్చుకోవాలని కూడా ఆయన గట్టిగా చెప్పారు. ఆ మాట జారిపోయింది. 'ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు' అన్న గీత మాత్రం మిగిలింది.

ఇక్కడ మన భీమవరం మనిషి ఒకరి గురించి చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. ఖద్దరు వేసుకున్నందుకు ఒక ప్రొఫెసర్‌కు కోపం వచ్చి, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్‌తో బయటపడాల్సి వచ్చిందని చెబుతారు. ఆయనే హార్వర్డ్‌కు వెళ్లి, 1925లో అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. పరీక్ష నాళికలో నీలి రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ పద్ధతితోనే 1927లో కండరంలో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. ఈ పేర్లు మన మొదటి ఏడాది పిల్లలు వైవా (నోటి పరీక్ష) కోసం బట్టీ పడతారు. ఆ ఫాస్ఫోక్రియాటిన్ కండరాల్లో అరిగిపోగా మిగిలేదే క్రియాటినిన్. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పెరుగుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ మాట తెలియని ఇల్లు అరుదు. 'అయ్యకు క్రియాటినిన్ ఎంతొచ్చింది' అని ఊళ్లో మాట్లాడుకుంటారు. మన తెలుగువాడు కనిపెట్టిన పదార్థం నుంచి మన తెలుగు పల్లెల జబ్బు దాకా ఒకే దారం ఉంది. బయోకెమిస్ట్రీ క్లాసులో ఆ దారం చివర కనిపించకుండానే పరీక్ష అయిపోతుంది. నాకు ఈ చదువు మీద ఉన్న బాధంతా ఇదే.

బాధ కొత్తదేం కాదు. 1946లో ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ జనం మధ్య పనిచేసే 'సామాజిక వైద్యుడు' కావాలంది. 1975లో శ్రీవాస్తవ కమిటీ వైద్య విద్య ఊళ్ల అవసరాలకు తగ్గట్టు లేదని చెప్పింది. బయట దేశాల్లో ఇంకా ముందుకెళ్లారు. 1952లో అమెరికాలోని వెస్టర్న్ రిజర్వ్ సబ్జెక్టుల గోడలు తీసేసి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అంటూ అవయవాల వారీగా పాఠం చెప్పడం మొదలుపెట్టింది. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ మొదటి రోజు నుంచే చిన్న గుంపులకు రోగి కథ ఇచ్చి, దాని చుట్టూ సైన్సు నేర్చుకోమంది.

మన దగ్గర 1997లో జరిగింది వేరు. ఏడాదిన్నర ఉన్న ప్రీ-క్లినికల్‌ను ఏడాదికి కుదించారు. వార్డులో ఎక్కువ కాలం గడపాలన్నది ఆలోచన, మంచిదే. కానీ అనాటమీకి 650 గంటలు, పుస్తకం మందం అదే. ఆరు నెలలు పోయాయి కానీ పాఠం తగ్గలేదు. కాలేజీలో పెట్టే ఇంటర్నల్ పరీక్షలు, రికార్డులు, ఒక్కో భాగం అయ్యాక పెట్టే పార్ట్ కంప్లీషన్ల టెన్షన్‌లో పిల్లలు అర్థం చేసుకోవడం మానేసి గైడ్లు పట్టుకున్నారు.

ఫిజియాలజీ ల్యాబ్‌లో అయితే కిరోసిన్ పొగ పట్టించిన కాగితం డ్రమ్ముకు చుట్టి తిప్పేవాళ్లు. కప్ప పిక్క కండరం బిగిసినప్పుడల్లా నల్లటి మసి మీద తెల్లగా గీత పడేది. దాన్ని లక్క ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, కత్తిరించి రికార్డులో అంటించేవాళ్లు. తర్వాత కప్ప పోయి కంప్యూటర్ బొమ్మ వచ్చింది. రికార్డులో గీత మాత్రం పోలేదు. రోగి బీపీ చూడటం దాని పక్కన ఇంకో ప్రాక్టికల్, అంతే.

అసలైన మార్పు 2019 ఆగస్టు బ్యాచ్‌కు పెట్టిన కొత్త పాఠ్య ప్రణాళికతో వచ్చింది. మొదటి నెల ఫౌండేషన్ కోర్సు, అందులో స్థానిక భాష కూడా. ఆల్ ఇండియా కోటాలో వచ్చిన ఉత్తరాది పిల్లలు 'కడుపులో మంట', 'కళ్లు తిరుగుతున్నాయి' లాంటి మాటలు నేర్చుకోవడానికి మొదటిసారి టైంటేబుల్‌లో చోటు దొరికింది. నేను అన్నిటికన్నా మెచ్చుకునే భాగం ఇదే. నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పే క్లాసులు పెట్టారు. మొదటి ఏడాదిలోనే రోగిని చూపించడానికి 90 గంటలు కేటాయించారు. మణికట్టు వాలిపోయిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, మణికట్టు పైకెత్తమని అడిగితే చాలు, మోచేతికి పైనున్న ఎముక చుట్టూ తిరిగే రేడియల్ నరం ఇక జన్మలో మరిచిపోరు. అదే ప్రణాళికలో అనాటమీకి 675 గంటలు, 409 నైపుణ్యాలు. అంటే కొత్తది చేర్చారు గానీ పాతదాన్ని తీయలేదు.

పరీక్ష దగ్గర మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. అనాటమీకి రెండు పేపర్లు, ఫిజియాలజీకి రెండు, బయోకెమిస్ట్రీకి రెండు, దేనికది విడిగా. క్లాసులో మూడు సబ్జెక్టులు కలిపి చెప్పమని, పరీక్షలో విడదీసి అడిగితే పిల్లలు ఏ పద్ధతిలో చదువుతారో చెప్పక్కర్లేదు. పైగా కలిపి చెప్పాలంటే మూడు విభాగాల టీచర్లు, ఆస్పత్రి డాక్టరు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. 2022లో తెలంగాణలో ఒకే రోజు 8 ప్రభుత్వ కాలేజీలు, 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో 5 మొదలయ్యాయి. జిల్లాకు కాలేజీ రావడం సంతోషమే. అయితే కొత్త కాలేజీలో ముందు దొరకనిది ప్రీ-క్లినికల్ టీచరే. ఎండీ సీట్లు ఎంచుకునేటప్పుడు అనాటమీ, బయోకెమిస్ట్రీ చివరికి మిగిలే సీట్లు. 150 మంది ఉన్న క్లాసును చిన్న గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపు పక్కన ఒక టీచరును నిలబెట్టి, క్రియాటినిన్ పాఠం రోజున డయాలసిస్ గదికి తీసుకెళ్లడానికి ఇప్పుడు కావాల్సింది ఆ టీచర్లే.