తప్పిపోయిన రాకుమారికి తెలుగు పాట: అపోహలు - వాస్తవాలు

చెన్నై వడపళనిలో యానిమేషన్ చిత్రాలకు తెలుగు మాటలు, పాటలు రాయడం నా వృత్తి. తానెవరో మరచిపోయిన రాకుమారి తన వాళ్లను వెతుక్కుంటూ వెళ్లే సంగీత చిత్రాల గురించి తరచుగా వినే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: 1997 నాటి 'అనస్తేసియా' డిస్నీ తీసిన చిత్రం, అందులోది జరిగిన కథ.

వాస్తవం: డాన్ బ్లూత్, గ్యారీ గోల్డ్‌మన్ దర్శకత్వంలో దానిని నిర్మించినది ఫాక్స్, ఆ సంస్థ డిస్నీ చేతికి వచ్చింది 2019లో. ఇక కథంతా కల్పితం. రష్యా చక్రవర్తి కుటుంబాన్ని, ఆయన కూతురు అనస్తేసియాతో సహా, 1918 జూలై 17న యెకతెరిన్‌బర్గ్‌లో కాల్చి చంపారు. అనస్తేసియాను నేనేనని దశాబ్దాల పాటు చెప్పుకున్న ఆనా ఆండర్సన్‌కు ఆ కుటుంబంతో రక్తసంబంధం లేదని 1994లో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. చిత్రంలో శాపం పెట్టే రాస్పుటిన్, నిజజీవితంలో ఆ కుటుంబానికి దగ్గరైన సాధువు, రష్యా విప్లవానికి ముందే, 1916 డిసెంబరులోనే హతుడయ్యాడు. చనిపోయే నాటికి అనస్తేసియా వయసు 17 ఏళ్లు. అది తెలిసిన తరువాత చిత్రంలోని జోలపాట నాకు మునుపటిలా వినిపించలేదు.

అపోహ: మాట్లాడిన నటే పాడుతుంది.

వాస్తవం: 'అనస్తేసియా'లో కథానాయికకు మాట మెగ్ రయన్‌ది, పాట లిజ్ కాలవేది. నేపథ్యగానానికి అలవాటుపడిన మనకు ఇందులో వింతేమీ లేదు.

అన్నిటికంటె నన్ను బాధించే అపోహ, డబ్బింగ్ పాట అంటే అనువాదమేనన్నది. బొమ్మ పెదవులు కలిసినచోట ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. నోరు తెరిచి ఉన్నచోట ఆకారమో ఓకారమో సాగాలి. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కనుక పాదం చివర స్వరం సాగదీయడం గాయనికి సులువే గాని, ఇంగ్లీషులో ఒక్క అక్షరంలో ఇమిడిపోయే మాటకు మనకు రెండు మూడు అక్షరాలు కావలసి వస్తుంది. 'హోమ్' అని పాడినప్పుడు చివర పెదవులు మూసుకుంటాయి; అక్కడ 'ఇల్లు' అని రాస్తే ఆ మూతకు ఏమీ దొరకదు. ఇంటి కోసం తపించే పిల్ల పాటలో అదే చోట 'అమ్మ' అని రాస్తే పెదవులూ కలుస్తాయి, ఆమె వెతుకుతున్నదీ చెడదు.

పెదవులు కుదిరినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇటువంటి కథల్లో చిన్ననాడు విన్న పాదమే చివర మళ్లీ వినిపించి రాకుమారికి తానెవరో గుర్తు చేస్తుంది. రెండోచోట పెదవుల కోసం ఒక్క మాట మార్చినా ప్రేక్షకుడికి ఆ పాదం గుర్తుకు రాదు, రాకుమారికి ఎలా గుర్తొచ్చిందో అతనికి అర్థం కాదు. అందుచేత మొదటి పాదం రాయబోయే ముందే, అది తిరిగి వచ్చే దృశ్యాలన్నిటినీ ఆడించి చూసుకుని, అన్నిచోట్లా కుదిరే మాట దొరికేదాకా కలం ముట్టను.