ప్రోగ్రామింగ్ పత్రిక అచ్చులో: అపోహలు - వాస్తవాలు

చిన్న టెక్నికల్ పత్రికలకు లేఅవుట్ చేసి, ప్రెస్ పని దగ్గరుండి చూసిపెట్టడం నా వృత్తి. కొన్నాళ్లు ఆన్‌లైన్‌లో నడిపి, ఇక అచ్చులో తేవాలనుకున్న ప్రోగ్రామర్లు ఫోన్ చేస్తారు. దాదాపు అందరిదీ ఒకటే మాట: "పీడీఎఫ్ రెడీగా ఉందండీ, ప్రెస్‌కి పంపేయడమే." నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

అపోహ: స్క్రీన్ మీద బాగుంటే కాగితం మీదా బాగుంటుంది.

వాస్తవం: కథల పత్రికైతే చాలావరకు నడిచిపోతుందేమో. కోడ్ ఉన్న పత్రికకు మాత్రం నడవదు. ముందు వెడల్పు లెక్క చూడండి. 80 అక్షరాల లైను 1928 నాటి ఐబీఎం పంచ్‌కార్డు నుంచి మనకు అలవాటైపోయింది. 9 పాయింట్ల మోనోస్పేస్ ఫాంట్‌లో (అన్ని అక్షరాలకూ ఒకే వెడల్పుండేది) ఒక్కో అక్షరం సుమారు 5.4 పాయింట్లు తీసుకుంటుంది. 80 అక్షరాలకు 432 పాయింట్లు, అంటే 152 మిల్లీమీటర్లు. ఏ5 కాగితం వెడల్పే 148! మార్జిన్లు పోగా 60 అక్షరాలు పడితే గొప్ప. "7 పాయింట్లకు తగ్గించేద్దాం" అంటారు. తగ్గిస్తే పడుతుంది, కానీ చిన్న ఎల్, ఒకటి అంకె పక్కపక్కన ఉంటే ఏది ఏదో భూతద్దం పెట్టి చూసుకోవాలి.

ఇక లేఅవుట్ సాఫ్ట్‌వేర్ చేసే ఉపకారాలు. నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా మారుస్తుంది. రెండు హైఫన్లను కలిపి పొడుగు గీత చేస్తుంది. రెండు హైఫన్లతో మొదలయ్యే కమాండ్ ఆప్షన్ అక్కడితో సరి. ఫాంట్‌లో లిగేచర్లు (పక్కపక్క గుర్తులను కలిపి ఒకటిగా చూపేవి) ఆన్‌లో ఉంటే ఆశ్చర్యార్థకం, సమానం కలిసి అడ్డగీత కొట్టిన సమానంగా అచ్చవుతాయి. పాఠకుడు ఆ గుర్తు కీబోర్డు మీద ఎక్కడుందా అని వెతుక్కోవాలి. ఒక సంపాదకుడి పైథాన్ వ్యాసంలో పొడవైన లైను దానంతట అదే విరిగి, మిగిలిన సగం కింద ఎడమ అంచుకు వచ్చి పడింది. స్క్రీన్ మీద ఎవరికీ అనిపించలేదు. ప్రింట్ ప్రూఫులో చూస్తే లూపు అక్కడితో ముగిసిపోయినట్టుంది. పైథాన్‌లో ఇండెంటేషనే, అంటే లైను ముందు వదిలే ఖాళీయే, వ్యాకరణం కదా!

రంగుల సంగతి ఇంకా ఘోరం. స్క్రీన్ వాడే ఆర్‌జీబీ నలుపును గుడ్డిగా ప్రెస్ వాడే నాలుగు ఇంకుల సీఎంవైకేలోకి మారిస్తే నాలుగు ఇంకులూ కలిసిన నలుపు వస్తుంది. ప్లేటు వెంట్రుకవాసి జరిగినా సన్నని అక్షరం చుట్టూ రంగు నీడ పడుతుంది. కోడ్‌కు ఒట్టి నల్ల ఇంకు, 100 శాతం కే, చాలు. లేత బూడిద రంగు కామెంట్లు చుక్కలు చుక్కలుగా అచ్చవుతాయి. కామెంట్లకు ఇటాలిక్, కీవర్డులకు బోల్డ్ వాడండి. డార్క్ థీమ్ స్క్రీన్‌షాట్ల గురించి నన్ను అడగకండి.

"ప్రెస్ వాళ్లు చూసుకుంటారు కదా?" చూసుకుంటారు: బ్లీడ్ (కోత గీత దాటి బయటకు వదిలే అంచు) 3 మిల్లీమీటర్లుందా, ఫాంట్లు ఫైల్లోనే ఎంబెడ్ అయ్యాయా, బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉన్నాయా అని. మీ సెమికోలన్ వాళ్ల పని కాదు. నడిచి చూసిన ఫైలు నుంచే కోడ్ లేఅవుట్‌లోకి తెచ్చుకోండి. చివరి పీడీఎఫ్ నుంచి టెక్స్ట్ బయటకు తీసి, ఖాళీలను పట్టించుకోకుండా అసలు ఫైలుతో డిఫ్ (రెండు ఫైళ్ల తేడాలు చూపే టూల్) పెట్టండి. కొటేషన్లు, గీతలు దొరికిపోతాయి. ఇండెంటేషన్‌ను మాత్రం ప్రింట్ ప్రూఫు మీద స్కేలు పెట్టి కంటితో చూడాల్సిందే. ఆ ప్రూఫును అసలు సైజులోనే తీయండి, 'ఫిట్ టు పేజ్' ఆపేసి.

అపోహ: ఎక్కువ కాపీలు వేస్తే చవక.

ఒక్కో కాపీ చవక, బిల్లు కాదు. ప్లేట్లు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో ఆ ప్లేట్ల ఖర్చు వందకైనా వేలకైనా ఒకటే కాబట్టి సంఖ్య పెంచమని అందరూ చెబుతారు. అమ్ముడుపోని కట్టలు మీ మంచం కిందే ఉంటాయని ఎవరూ చెప్పరు. ముందస్తు ఆర్డర్లు లెక్కపెట్టుకుని, పైన కొద్దిగా కలిపి, మొదటి సంచికను ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్‌లో వేయించండి.

అపోహ: జిగురుతో అతికించిన వీపున్న బైండింగ్ అయితేనే పత్రికలా ఉంటుంది.

పలచని సంచికకు ఆ జిగురు సరిగా నిలవదు. పైగా పుస్తకం బల్ల మీద తెరిచి ఉండదు, కోడ్ టైపు చేసేవాళ్లకు విసుగు. మధ్యలో మడిచి కొట్టే సెంటర్ పిన్ చాలు. పేజీలు నాలుగు గుణిజంలో ఉండాలి, అంతే.

అపోహ: ఆన్‌లైన్ ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకు ఇచ్చే గుర్తింపు నంబరు) ప్రింటుకూ పనికొస్తుంది. పనికిరాదు, అచ్చు సంచికకు వేరే నంబరు తీసుకోవాలి. రచయితల అనుమతీ అంతే. వెబ్‌కు మాత్రమే ఇచ్చి ఉంటే మళ్లీ అడగండి.

అపోహ: అచ్చులో తప్పు పడితే పరువు పోయినట్టే.

ఈ భయంతో సంచికను నెలల తరబడి ఆపుకున్నవాళ్లున్నారు, వాళ్లను చూస్తే జాలేస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ అంతటివాడే తన పుస్తకాల్లో తప్పు పట్టినవారికి 2.56 డాలర్ల చెక్కులు రాస్తూ వచ్చాడు. 1980లలో ప్రోగ్రాములను అచ్చేసిన పత్రికలు, పాఠకులు టైపింగులో తప్పు చేస్తారని తెలిసే లైను పక్కన చెక్‌సమ్ (ఆ లైను సరిగా టైపయిందో సరిచూసుకునే అంకె) వేసేవి. మీరూ ప్రతి వ్యాసం కింద కోడ్‌కూ సవరణలకూ ఒక చిన్న లింకు ఇవ్వండి. అది మీ సొంత డొమైన్‌లోదై ఉండాలి. లింకులు కుదించే సర్వీసు రేపు మూతపడితే అచ్చయిన కాగితాన్ని ఎవరూ ఎడిట్ చేయలేరు.