నిద్ర పట్టదా, నిద్ర అక్కర్లేదా?

"మా అమ్మాయికి కాన్పయి మూడు వారాలైంది. అమ్మాయి ఊరికే ఏడుస్తోంది, నిద్ర లేదు. డిప్రెషనేనా?" అని ఒక తల్లి అడిగారు. కావచ్చు. కానీ నేను 'నిద్ర లేదు' దగ్గరే ఆగిపోయాను. పసిబిడ్డ ఉన్న ఇంట్లో నిద్రెవరికి ఉంటుంది గనక! అడగాల్సింది ఇంకోటి. బిడ్డను అమ్మమ్మ ఎత్తుకుపోయి, కాసేపు పడుకోవే అంటే ఏం జరుగుతుంది?

డిప్రెషన్‌లో ఉన్న బాలింత నడుం వాలుస్తుంది, కన్ను మూతపడదు, ఒళ్లు మాత్రం హూనమై ఉంటుంది. హుషారు, దిగులు దశలు మారిమారి వచ్చే జబ్బు బైపోలార్. అందులో హుషారు పొంగే దశ, అంటే హైపోమేనియా, వస్తే పడుకోవాలనే అనిపించదు. రెండు గంటలు కునుకు తీసి తెల్లారకముందే బీరువా సర్దుతుంది, గలగలా మాట్లాడుతుంది, అలసటన్నదే ఉండదు. ఆకలేస్తున్నా ముద్ద దిగకపోవడం వేరు, ఆకలే లేకపోవడం వేరు. ఇదీ అంతే.

చిక్కేమిటంటే, బైపోలార్ మనిషి దిగులు దశలో ఉన్నప్పుడు చూస్తే అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. కాన్పు తర్వాతి దిగులును పసిగట్టడానికి 1987లో వచ్చిన ఎడింబరో ప్రశ్నావళిలో ఉన్న పది ప్రశ్నలూ గడిచిన 7 రోజుల గురించే. దిగులు, భయం, ఏడుపు అడుగుతుంది. వెనకటి హుషారు ఊసెత్తదు. అమెరికాలో 10,000 మంది బాలింతలను ఈ ప్రశ్నావళితో వడపోసి, 'దిగులుంది' అని తేలినవాళ్లలో 826 మందిని ఇంటికెళ్లి వివరంగా పరీక్షించారు. 2013లో అచ్చయిన ఆ అధ్యయనంలో 22.6 శాతం మందికి ఉన్నది బైపోలార్!

నన్ను బాగా పట్టేసిన సంగతి ఇక్కడుంది. నిద్రలేమి లక్షణమే కాదు, కారణం కూడా. డిప్రెషన్ రోగిని ఒక రాత్రంతా మేలుకొలిపి ఉంచితే చాలామందికి మర్నాడు మనసు తేలికపడుతుంది, మళ్లీ నిద్రపోగానే దిగులు తిరిగొస్తుంది. అదే జాగారం బైపోలార్ ఉన్నవారిని మేనియాలోకి, అంటే హుషారు హద్దు మీరిన దశలోకి, నెట్టగలదు. మాయ పడిపోగానే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి, పైగా రాత్రి పాలకు లేవడంతో నిద్ర చెడుతుంది. అందుకే కాన్పు తర్వాతి రోజులు అంత ప్రమాదం. బైపోలార్ ఉన్నవారికి దిగులు తగ్గించే యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే కొందరిలో మందే మేనియాను రేపుతుంది. మూడ్‌ను నిలిపే లిథియం లాంటివి వేరే లెక్క.

వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటికి సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి, వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. పురుడు, బారసాల హడావిడిలో 'గాలి సోకింది' అని తాయెత్తు కడతారు. అది గాలి కాదు, ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన జబ్బు. చెవుల్లో దూదిని నేను పట్టించుకోను గానీ, బాలింతను ఒంటరిగా వదలకూడదన్న పాత మాటకు మాత్రం దండం పెడతాను.

ఆ తల్లికి నా జవాబు: డాక్టరు అడగకపోయినా రెండు విషయాలు చెప్పండి. పెళ్లికి ముందుగానీ, కాన్పయిన మొదటి వారంలోగానీ వరసగా నాలుగైదు రోజులు నిద్ర లేకుండా హుషారుగా తిరిగిందా? ఇంట్లో ఇంకెవరికైనా అలా ఉండేదా? ఇస్తున్న మాత్రలు మీకై మీరు ఆపొద్దు. ఈ రాత్రి ఒక పూట పాలు పిండి పెట్టించి, బిడ్డను మీ పక్కన పడుకోబెట్టుకోండి.